మా బుడి మాటల లెక్క

మన ఇళ్ళల్లో పసిపిల్ల బోర్లా పడితే బొబ్బట్లు వండుతారు. కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, మాటలొస్తే పంచదార చిలకలు. ఊరిని బట్టి ఒకటీ అరా మారతాయేమో గానీ ఈ వరస రాని అమ్మమ్మ ఉండదు. మా అమ్మకైతే కంఠతా వచ్చు. నేను నడిచినప్పుడు చేసిన అరిసెలకి మా మేనత్త పాకం ముదరబెట్టిన సంగతి ముప్పై ఏళ్ళ తర్వాత కూడా చెప్తూనే ఉంటుంది.

చాన్నాళ్ళు ఇదంతా పిండివంటల కోసం పెద్దవాళ్ళు వెతుక్కున్న సాకేమో అనుకునేదాన్ని. నా కూతురు పుట్టాక అందులో ఒక చిన్న విషయం కనబడింది. 'పడితే' అన్నారు, 'వేస్తే' అన్నారు. ఏ నెలలో అని ఎక్కడా అనలేదు. నాలుగో నెలలో బోర్లా పడకపోతే బొబ్బట్లు లేవని ఎవరూ చెప్పలేదు. ఎప్పుడు పడితే అప్పుడే పండగ. ఈ మాట నాకు ముందే తట్టి ఉంటే నాలుగు నెలల పాటు మా ఇంట్లో తెలుగు ఆగిపోయేది కాదు. ఆ కథే చెప్దామని కూర్చున్నాను.

మాది తెనాలి. మా ఆయనది పశ్చిమ బెంగాల్లో బర్ధమాన్. ఇద్దరం కాపురం పెట్టింది పుణెలో. అంటే పాపకి అమ్మ భాష తెలుగు, నాన్న భాష బెంగాలీ, వీధి భాష మరాఠీ. మేమిద్దరం మాట్లాడుకునేది హిందీలో ఇంగ్లీషు కలిపి. పాప పుట్టక ముందు ఈ నాలుగైదు భాషల సంగతి మాకు సరదాగానే ఉండేది.

బెంగాలీ ఇళ్ళల్లో ప్రతి మనిషికీ రెండు పేర్లుంటాయి. బడిలో రాసేది 'భాలో నామ్', ఇంట్లో పిలిచేది 'డాక్ నామ్'. బారసాలలో పెట్టిన పేరు ఎంత చక్కగా ఉన్నా, మా అత్తగారు పాపని ఎత్తుకోగానే 'బుడి' అన్నారు. అదే నిలిచిపోయింది. వీడియో కాల్లో ఆ పేరు విని మా అమ్మ మురిసిపోయింది. "బుడిబుడి నడకలు నడవబోయే పిల్లకి బుడి అని పెట్టారా! ఎంత ముద్దుగా ఉందే" అంది. బెంగాలీలో బుడి అంటే ముసలమ్మ అని, ఆడపిల్లల్ని ముద్దుగా అలా పిలుస్తారని చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. చెప్పాక అమ్మ రెండు క్షణాలు ఆలోచించి, "ముసలమ్మయ్యేదాకా చల్లగా ఉండమనేగా, మంచి పేరే" అంది.

రెండు ప్రాంతాల వాళ్ళు కలిస్తే ప్రతి వేడుకా గొడవే అనుకుంటారు చాలామంది. మా ఇంట్లో అంత గొడవేం జరగలేదు. వాళ్ళ 'ముఖే భాత్', మన అన్నప్రాసన ఒకటే. ఆడపిల్లకి బేసి నెల, మగపిల్లాడికి సరి నెల అనే లెక్క కూడా రెండు చోట్లా ఒకటే. అత్తగారు అయిదో నెల అన్నారు, అమ్మ ఏడో నెల అంది. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దని పిల్లల డాక్టరు చెప్పడంతో అమ్మ మాట నెగ్గింది. తొలి ముద్ద మేనమామ పెట్టాలన్నది వాళ్ళ పద్ధతి. మా తమ్ముడు సెలవు పెట్టి మరీ వచ్చాడు. పాయసం రెండు వైపులా ఉంది కాబట్టి పేచీ లేదు. చేప దగ్గరే వచ్చింది. మా అమ్మ ముక్క ముట్టని మనిషి. పళ్ళెంలో చేప తలకాయ కనబడగానే పోపు మాడిపోతోందంటూ వంటింట్లోకి పరిగెత్తింది. అక్కడ పొయ్యి కూడా వెలిగించి లేదు.

తర్వాత పాప ముందు వస్తువులు పెట్టాం. మేం పుస్తకం, పెన్ను, గొలుసు, పూలు పెడితే, అత్తగారు ఒక మట్టిగడ్డ పెట్టారు. బుడి సూటిగా మట్టినే పట్టుకుంది. "భూములు సంపాదిస్తుంది" అన్నారు అత్తగారు. "నోట్లో పెట్టుకుంటుందే, ముందు లాక్కో" అంది అమ్మ. అత్తగారి మాట సంగతి ముందు ముందు తెలుస్తుంది. అమ్మ మాట మాత్రం అప్పుడే నిజమైంది.

సంక్రాంతికి మరో వింత. మన భోగిపళ్ళలాంటిదే మరాఠీ వాళ్ళకీ ఉంది. 'బోర్‌నహాణ్' అంటారు. సంక్రాంతికీ రథసప్తమికీ మధ్య ఏదో ఒక రోజున పసిపిల్లలకి నల్లబట్టలు తొడిగి, చక్కెర పూసల నగలు పెట్టి, తల మీద రేగుపళ్ళు, మరమరాలు, చెరుకుముక్కలు పోస్తారు. పండగ పూట నల్లబట్టలేమిటని అమ్మ గతుక్కుమంది గానీ, రేగుపళ్ళు చూశాక సర్దుకుంది. ఆ ఏడాది బుడికి రెండుసార్లు రేగుపళ్ళు పోశాం.

పాతవన్నీ కళ్ళు మూసుకుని చేయమని నేననను. పుట్టగానే నాలుకకి తేనె రాస్తామన్నారు, వద్దన్నాం. ఏడాది లోపు పిల్లలకి తేనె ప్రమాదమని డాక్టర్లు గట్టిగా చెప్తారు. కళ్ళకి కాటుక కూడా వద్దన్నారు. కాటుక చుక్క బుగ్గ మీదా అరికాలికీ పెట్టి దిష్టి సంగతి చూసుకున్నాం. బిడ్డ ఒంటికి సంబంధించిన చోట డాక్టరు మాటే చెల్లాలి. మిగతా చోట ఇద్దరు అమ్మమ్మ, నాయనమ్మలు ఎంత సంతోషపడితే అంత మంచిది.

అసలు తిప్పలు పాప ఎదుగుదల పరీక్షగా మారినప్పుడు మొదలయ్యాయి. మా పై ఫ్లాట్‌లో బుడి పుట్టిన నెలలోనే పుట్టిన బాబు ఉన్నాడు. వాడు ఆరో నెలలో పాకాడు, పదో నెలలో నడిచాడు. మా బుడి అసలు పాకనే లేదు. కూర్చుని, ఒక కాలు మడిచి, నేల మీద డేక్కుంటూ ఇల్లంతా తిరిగేది. "పాకితే పాకుండలు చేద్దామనుకున్నానే, డేకితే ఏం చెయ్యాలో మా అమ్మ చెప్పలేదు" అని అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రాత్రిళ్ళు ఫోన్లో వెతుక్కుంటూ కూర్చునేదాన్ని.

ఆ వెతుకులాటలో ఒక మంచి విషయం తెలిసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో పాటు ఘనా, నార్వే, ఒమన్, అమెరికాల్లో పిల్లల్ని నెలల తరబడి గమనించి, ఎవరు ఎప్పుడు ఏం చేస్తారో 2006లో ప్రచురించింది. అందులో ఏ పనికీ ఒక్క నెల లేదు. ఆసరా లేకుండా కూర్చోవడం దాదాపు నాలుగో నెల నుంచి తొమ్మిదో నెల దాకా. ఒంటరిగా నడవడం ఎనిమిదో నెల నుంచి పదిహేడున్నర నెలల దాకా. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనే నూటికి నలుగురు చేతులూ మోకాళ్ళ మీద పాకకుండానే నడకలోకి వెళ్ళిపోయారు. పదో నెలలో నడిచిన పై ఫ్లాట్ బాబూ మామూలే, పదిహేనో నెలలో నడిచిన మా బుడీ మామూలే. బుడి నాలుగడుగులు వేసిన రోజు అమ్మకి ఫోన్ చేస్తే, వారం తిరక్కుండా తెనాలి నుంచి అరిసెల డబ్బా వచ్చింది. అత్తగారు బర్ధమాన్ నుంచి సీతాభోగ్, మిహిదానా పంపించారు. అవి ఆ ఊరి పేరున్న మిఠాయిలు.

నడక అయింది. మాటల దగ్గర దెబ్బతిన్నాను.

ఏడాదిన్నర నిండాక ఒక ప్లేస్కూలు చూడటానికి వెళ్ళాం. అక్కడి మేడమ్ పాపని రంగులడిగింది, జంతువులడిగింది. బుడి నోరు విప్పలేదు. ఇంట్లో ఏయే భాషలు మాట్లాడతారని అడిగితే గొప్పగా చెప్పాను. ఆవిడ మొహం మారింది. "పాప కన్ఫ్యూజ్ అవుతోంది. ఇన్ని భాషలుంటే మాటలెలా వస్తాయి? ఇంట్లో అందరూ ఇంగ్లీషొక్కటే మాట్లాడండి, రెండు నెలల్లో తేడా మీకే తెలుస్తుంది" అంది.

ఇంటికొచ్చి ఆ రాత్రి లెక్కపెట్టాను. అమ్మ, బాబా కాకుండా నాకు తెలిసిన మాటలు అయిదే. పై ఫ్లాట్ బాబు అప్పటికే ఇంగ్లీషు పాటలు పాడుతున్నాడు. చుట్టాల్లో ఒకరు "వేరే వాళ్ళని చేసుకుంటే పిల్లలకి ఇట్లాంటి ఇబ్బందులే" అని మా పెళ్ళి దాకా వెళ్ళారు. "ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉన్నావుగా, పాపతో మాట్లాడట్లేదా?" అని ఇంకొకరు అడిగారు. ఆ మాట గుండెలో గుచ్చుకుంది. ఇంట్లో ఉండే ఆడదానికి జీతం లేదు, ప్రమోషన్ లేదు. పిల్లే ఆమె ప్రోగ్రెస్ రిపోర్టు అనుకుంటారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను.

మర్నాటి నుంచి ఇంగ్లీషు. "బువ్వ తిందామా" పోయి "ఈట్ యువర్ ఫుడ్" వచ్చింది. నాకు ఇంగ్లీషు రాక కాదు. కానీ ఇంగ్లీషులో ముద్దు చేయడం రాదు. లాల పోస్తూ తెలుగులో అరగంట వాగేదాన్ని, ఇంగ్లీషులో రెండు మాటలనేసరికి అయిపోయేది. జోకొట్టడానికి మాటలే ఉండేవి కావు, ఊరికే వీపు నిమిరేదాన్ని. ఆయనా అంతే. ఆఫీసు నుంచి వచ్చి బెంగాలీలో పాపతో ఆడే కబుర్లు ఆగిపోయాయి. మాటలు పెంచుదామని మొదలుపెట్టి ఇంట్లో మాటలే తగ్గించేశాం.

అమ్మకి కూడా చెప్పాను. "అమ్మా, పాపతో కొన్నాళ్ళు తెలుగు వద్దుట. నీకొచ్చిన ఇంగ్లీషు మాటలు ఏవైనా ఉంటే అవే అను." అమ్మ కోపగించుకుంటుందనుకున్నాను. "అట్లాగేనే. నా మాటల వల్ల పిల్లకి నష్టమెందుకు" అంది. అమ్మకి వచ్చిన ఇంగ్లీషు మాటలు మూడు. హలో, గుడ్ గర్ల్, బై. రోజూ సాయంత్రం ఫోన్ చేసి "హలో" అనేది. పాపని చూస్తూ కూర్చునేది. "గుడ్ గర్ల్" అనేది. మళ్ళీ చూస్తూ కూర్చునేది. "బై" అని పెట్టేసేది. అంతకు ముందు అదే ఫోన్లో కాకినీ పిచ్చుకనూ పిలిచి, చందమామని దింపి, అరగంట సేపు నాటకం ఆడే మనిషి.

అలా నాలుగు నెలలు నడిచాయి. మాటలేమీ పెరగలేదు. అప్పుడు మా పిల్లల డాక్టరు చెప్తే, ముందు చెవి పరీక్ష చేయించాం. వినికిడి బాగానే ఉంది. తర్వాత మాటల థెరపిస్టు దగ్గరికి వెళ్ళాం. చిన్నపిల్లే ఆవిడ, పాతికేళ్ళుంటాయేమో. మా కథంతా విని ఒక తెల్లకాగితం ఇచ్చింది. "పాప అనే ప్రతి మాటా రాసుకురండి. ఏ భాషైనా సరే. సరిగ్గా పలకకపోయినా, ఒకే అర్థంతో ఎప్పుడూ ఒకలాగే అంటే అది మాటే. పాపతో ఉండే వాళ్ళందరినీ అడగండి" అంది.

ఆదివారం పూట అందరం కూర్చున్నాం. నేను, ఆయన, ఫోన్లో అమ్మ, ఇంకో ఫోన్లో అత్తగారు. ఇంటి పనికి వచ్చే మావశీని కూడా కూర్చోబెట్టాం. నేను బువ్వ, లాల, జేజ, ఇంగ అని రాశాను. "ఇంగ అంటే?" అన్నారాయన. మంచినీళ్ళు అన్నాను. ఆయన ఇన్నాళ్ళూ అది ఏడుపు మొదలుపెట్టే ముందు చేసే చప్పుడనుకున్నారు! అత్తగారు జొల్, ఘుమ్, ఫూల్ అని చెప్పారు. 'ఘుమ్' అంటే బెంగాలీలో నిద్ర. పాప అలా అన్నప్పుడల్లా నేను ఆటబొమ్మ బండి చప్పుడు చేస్తోందనుకున్నాను. మావశీ చీఊ, కాఊ, భూర్ అని మూడు చెప్పింది. పిచ్చుక, కాకి, బయటికి షికారు. మరాఠీ పిల్లల మాటలు. అవి మాటలని మా ఇద్దరికీ తెలీదు.

అన్నిటికంటే తమాషా 'దా'. చెయ్యి చాపి 'దా' అంటే నన్ను రమ్మంటోందని నేను దగ్గరికి వెళ్ళేదాన్ని. బెంగాలీలో 'దావ్' అంటే ఇవ్వమని. అందుకని ఆయన చేతిలో ఉన్నది ఇచ్చేసేవారు. బుడికి రెండూ పనికొచ్చాయి కాబట్టి ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు.

కాగితం నిండింది. లెక్కపెడితే ముప్పై నాలుగు మాటలు. నా ఒక్కదాని చెవికి అందినవి అందులో సగం కూడా లేవు. పిల్ల మాట్లాడుతూనే ఉంది. ఎవరి భాషలో మాట వాళ్ళకే వినబడింది, మిగతావి చప్పుళ్ళనుకున్నాం. కన్ఫ్యూజ్ అయింది బుడి కాదు, మేము.

థెరపిస్టు ఆ కాగితం చూసి నవ్వింది. ఇంట్లో రెండు మూడు భాషలు వినడం వల్ల పిల్లలకి మాటలు ఆలస్యం కావని చెప్పింది. ఒక్కో భాషలో విడిగా లెక్కేస్తే తక్కువ కనబడొచ్చు, అన్నీ కలిపి లెక్కెయ్యాలంది. నిజంగా ఆలస్యం ఉన్న పిల్లకైనా, ఇంటి భాష తీసేస్తే ఆలస్యం పోదంది. "మీకు ఏ భాషలో నోరారా మాట్లాడటం వస్తుందో ఆ భాషలో మాట్లాడండి" అంది. రెండేళ్ళు నిండేసరికి రెండేసి మాటలు కలుపుతుందేమో చూద్దాం, అప్పుడు ఒకసారి తీసుకురండి అని చెప్పి పంపించింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 'పిల్లలు వాళ్ళ టైముకి వాళ్ళే మాట్లాడతారులే' అని ఊరుకోమని నేను చెప్పడం లేదు. ఏడాది నిండినా ఊఁ కొట్టడం, 'దద్దద్ద, మమ్మమ్మ' లాంటి శబ్దాలు, వేలితో చూపించడం లేకపోయినా, పదహారు నెలలకి ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్ళకి రెండు మాటలు కలపకపోయినా, అసలు వచ్చిన మాటలే పోయినా, ఏ వయసులోనైనా సరే, ఆగకుండా చూపించాలి. ముందు చెవులు చూపించాలి. డబ్బుల గురించి వెనకాడే పని లేదు. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా పిల్లల్ని పరీక్షించడానికి 2013 నుంచీ ప్రభుత్వం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం నడుపుతోంది. మీ అంగన్‌వాడీలో అడిగినా దారి చెప్తారు. చూపించడం వేరు, కంగారు పడి ఇంటి భాష తీసిపారేయడం వేరు. నేను మొదటిది నాలుగు నెలలు ఆలస్యంగా చేశాను, రెండోది మర్నాడే చేశాను. తిరగేసి చేయాల్సింది.

ఇది మాలాంటి కలగలుపు ఇళ్ళ గోలే అనుకోకండి. అమ్మా నాన్నా ఇద్దరూ తెలుగువాళ్ళే అయిన ఇళ్ళల్లో, హైదరాబాదులో, విజయవాడలో కూడా పిల్లలతో "కమ్, సిట్, ఈట్" తప్ప వినబడటం లేదు. అమెరికాలో ఉన్న మా పిన్ని కూతురు పసితనంలో పిల్లాడితో ఇంగ్లీషే మాట్లాడి, ఇప్పుడు వారాంతంలో కారేసుకుని తెలుగు నేర్పే మనబడికి తీసుకెళ్తోంది. మనమే ఊరికే ఇవ్వాల్సినదాన్ని ఆపి, తర్వాత ఫీజు కట్టి తెచ్చుకుంటున్నాం. ఇంగ్లీషు ఎటూ వస్తుంది. బడి ఇస్తుంది, టీవీ ఇస్తుంది. బువ్వ, లాల, జోజో అనేవి మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు అంటేనే వస్తాయి.

థెరపిస్టు దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. అలవాటు ప్రకారం "హలో" అంది. "అమ్మా, ఇక తెలుగులోనే మాట్లాడొచ్చు" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత "ఏమే ముసలమ్మా, బువ్వ తిన్నావా?" అంది. బుడి ఫోన్ దగ్గరికి డేక్కుంటూ వెళ్ళి, నడక వచ్చినా తొందరైతే ఇప్పటికీ డేకుతుంది లెండి, తెరని ముద్దు పెట్టుకుంది. ఆ రోజు గంటన్నర మాట్లాడుకున్నారు. అందులో బుడి అన్నవి నాలుగు మాటలే.

ఇప్పుడు బుడికి నాలుగేళ్ళు. మొన్న సంక్రాంతికి అత్తగారు కూడా తెనాలి వచ్చారు. వంటింట్లో ఇద్దరు పెద్దవాళ్ళూ పక్కపక్కనే కూర్చుని, ఒకరు అరిసెలు వత్తుతుంటే ఒకరు పిఠేలకి కొబ్బరి కోరుతున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో పీట వేసుకుని బుడి కూర్చుంది. "ఠమ్మా నీళ్ళు అడుగుతోంది అమ్మమ్మా" అని ఇటు చెప్పింది. అటు తిరిగి బెంగాలీలో ఇంకేదో చెప్పింది. మాటలొచ్చినప్పుడు పంచదార చిలకలు చేయలేదని అమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. మర్నాడు బజారు నుంచి తెప్పించి పంచింది.

రెండేళ్ళు ఆలస్యంగా. ఫరవాలేదు. ఏ నెలలో అని ఎవరూ చెప్పలేదుగా.